కాయకమున మాట మర్యాద

కాయకమనగా పొట్టకూటికై చేయు పని మాత్రమే కాదు. 12వ శతాబ్దమున కల్యాణ నగరమున బిజ్జలుని కొలువులో భండారిగా నుండిన బసవేశ్వరుడు, పనిని శుద్ధముగా చేయవలెననియు, దాని ఫలమును దాసోహముగా పంచవలెననియు బోధించెను. అయితే పనికిని ఫలమునకును నడుమ మరియొకటి గలదు. అది పనిబడి వచ్చిన మనిషితో మాటలాడు తీరు. నేటి అంగళ్ళలోను కార్యాలయములలోను లోపించుచున్నది ఇదియే.

కరీంనగరము వంటి ఊళ్ళ బజారులలో తూకమైన పిమ్మట చారెడు కొసరు వేయుట ఒకప్పటి వాడుక. ఆ కొసరు విలువ ఏపాటిది? కాని దానితోపాటు ఇంటివారి క్షేమము, పంటల స్థితి, పిల్లల చదువు అన్నియు విచారణకు వచ్చెడివి. నేడు సరుకు ముద్ర వేసిన పొట్లములలో వచ్చుచున్నది. కొసరునకు చోటు లేదు. సేటు చూపు ఫోనుపై, గిరాకి చూపును ఫోనుపైననే. సొమ్ము ముట్టినదని గల్లాపై నుంచిన డబ్బా పలుకుచున్నది గాని మనిషి పలుకుట లేదు.

అట్లని వెనుకటి కాలమంతయు మర్యాదల కాలమే యనుట సత్యము కాదు. 1940లో జోడేఘాట్ వద్ద కుమ్రం భీము నేలకొరగిన పిమ్మట, నిజాం ప్రభుత్వము కోరికపై ఆదిలాబాదు అడవులలో తిరిగిన హైమెండార్ఫ్ పండితుడు, షావుకార్లు గోండులను ఎట్లు వంచించిరో గ్రంథస్థము చేసెను. పెద్దమనిషికి అరుగు, అడవి మనిషికి ఎండ! ఆనాటి మర్యాద చాలవరకు ముఖము చూచి పెట్టిన బొట్టే. 'అయ్యా' యని పిలుచుటకును 'ఓరీ' యని పిలుచుటకును గల భేదమును స్వర్గనరకముల భేదముగా చెప్పిన బసవన్న, ఆ పిలుపునకు కులమును గాని కలిమిని గాని కొలతగా పెట్టలేదు.

మర్యాద తరుగుటకు తీరిక లేకపోవుట కారణమని పలువురందురు. తీరిక ఎందుకు లేదు? ఆయిదక్కి మారయ్య రాలిన బియ్యము ఏరుట కాయకముగా గల శరణుడు. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినందున ఆయన సతి లక్కమ్మ మందలించి, ఎక్కువైన దానిని తిరిగి ఇచ్చి రమ్మని పంపెను. చాలునను మాట తెలిసిన ఇంట తొందర యుండదు. పదిమందికి సరిపడు చేతులతో నూరుమంది బేరమును ఆశించువానికి తలయెత్తి చూచుటకైనను వ్యవధి చిక్కదు.

1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టమునకు బదులుగా 2019 చట్టము వచ్చి, 2020లో అమలునకు వచ్చెను. తూకము తగ్గినను, సేవలో లోపమున్నను పరిహారము అడుగవచ్చును. పలుకరించలేదని ఎవరిని అడుగగలరు?

కొనువారి మాటయు చూడవలెను. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు టికెట్టు సొమ్ము లేదు. కిక్కిరిసిన బస్సులో "ఉచితమే గదా" యని కండక్టరు విసిరిన మాట ఆడబిడ్డను చిన్నబుచ్చును. నిలువ చోటు లేని ఆ సందులో ఉదయము నుండి నిలుచున్న కండక్టరును నోటికి వచ్చినట్లు తిట్టుటయు అట్టిదే, వానిదియు కాయకమే.

ఉచితముగా నిచ్చు చోటనే ఈ పరీక్ష కఠినము. దాసోహమను పదమునకు నేను దాసుడనని యర్థము. ఇచ్చువాడు దాసుడైనప్పుడు పుచ్చుకొనువాడు చేయి చాచినవాడు కాడు, అతిథి. మఠములలో జాతర నాడు పంక్తి వేయునప్పుడు వడ్డించువారు రెండవమారు అన్నమడిగిన ముసలివానితో ఏమనుచున్నారో, చివరి పంక్తికి మిగిలినవారిని ఏ మాటతో కూర్చుండబెట్టుచున్నారో మఠాధిపతులు స్వయముగా నిలిచి వినవలసియున్నది.