బహుభాషా గృహమున బంధువాచకములు: పుదుచ్చేరి దృష్టాంతముగా ఒక పరిశీలన

భాషాచరిత్రకు శాసనములు, కావ్యములు, నిఘంటువులు ఆధారములని మనమెల్లర మెరుగుదుము. ఇల్లు కూడ అట్టి ఆధారమే. శిశువు తల్లిని పిలుచు పిలుపు, వదినె మరదలిని పలుకరించు తీరు, అత్త అల్లునికి చూపు మర్యాద, ఇవియన్నియు భాషానియమములకు లోబడినవే. ఒకే భాష మాటలాడు ఇంటిలో ఈ నియమములు కంటికి కానరావు. రెండు మూడు భాషలు కలిసి కాపురము చేయు ఇంటిలో అవి తేటపడును. అట్టి గృహమొకటి ఈ వ్యాసమునకు విషయము.

ఇట్టి గృహములు పుదుచ్చేరి పట్టణమునకు క్రొత్తవి కావు. 1881 సెప్టెంబరులో వెలువడిన ఫ్రెంచి ప్రభుత్వపు ఉత్తరువు ననుసరించి, తమ కులమతాచార సంబంధమైన ధర్మమును వదలుకొనిన భారతీయులు ఫ్రెంచి పౌరస్మృతికి లోబడిరి. వారు తమ సంతతికి నిలిచియుండునట్లు ఒక వంశనామమును స్వీకరింపవలసివచ్చెను. 1954 నవంబరు 1వ తేదీన పరిపాలన భారతదేశమునకు సంక్రమించినది. 1956 మే 28న సంధిపత్రముపై సంతకములు జరిగి, 1962 ఆగస్టు 16న అది అమలులోనికి వచ్చినది. ఫ్రెంచి పౌరసత్వమును కోరుకొనువారికి ఆ సంధి అవకాశ మిచ్చినది. కావున వంటయింట తమిళము, దస్తావేజులలో ఫ్రెంచి, పాఠశాలలో ఇంగ్లీషు నడచు కుటుంబము లిచ్చట తరతరములుగా నున్నవి. గోదావరీ తీరమందలి యానాము ఈ ప్రాంతములోని భాగమే కనుక తెలుగు నిచ్చట పరాయిభాష కాదు. 1968 ఫిబ్రవరి 28న పట్టణమునకు చేరువలో నెలకొనిన ఆరోవిల్లు కొరియా మొదలగు బహుదేశముల వారిని ఇచ్చటికి చేర్చినది.

వివరణకై ఒక గృహమును మనస్సున కల్పించుకొందము. తల్లి కొరియా దేశీయురాలు. తండ్రి యానాము కుటుంబమువాడే కాని, ఇంగ్లీషు దేశమున పుట్టి పెరిగి, తెలుగు వినగలిగియు తడబడక పలుకలేనివాడు. దంపతుల నడుమ వ్యవహారము ఇంగ్లీషున. అయిదేండ్ల బాలిక, పాలు విడువని తమ్ముడు. నాయనమ్మ యానామున, అమ్మమ్మ కొరియాలో. ఇద్దరితోను బాలికకు టెలిఫోనులోనే సంభాషణ. ఈ బాలిక ఏ పిలుపుతో ఎవరికి ఏమగును? ఇదియే మన ప్రశ్న.

1. పోలికలును, వాని హద్దులును

తల్లి నోట "ఒమ్మ", "అప్ప" అను మాటలు విన్న నాయనమ్మ, ఇవి మన "అమ్మ", "అప్ప"లే కదా యని మురియును. ఆమె యాశ్చర్యము నిర్హేతుకము కాదు. హోమర్ హల్బర్ట్ అను అమెరికా పండితుడు 1905లోనే కొరియా భాషను ద్రావిడభాషలతో సరిపోల్చి ఒక తులనాత్మక వ్యాకరణమును ప్రకటించెను. రెండు భాషలందును క్రియ వాక్యాంతమున నిలుచును. విభక్త్యర్థకములు నామమునకు వెనుక చేరును. అయినను పదక్రమ సామ్యము జన్యజనక సంబంధమునకు సాక్ష్యము కాజాలదు. జపాను, తురుష్క భాషలందును ఇదియే క్రమము. ఇక "అమ్మ", "అప్ప" వంటి మాటలు శిశువు పెదవులకు సులభములైన ధ్వనులనుండి పుట్టునవి. సంబంధము లేని భాషలలో సైత మవి యొకేరీతి నుండుటకు రోమన్ యాకబ్సన్ 1960లో ప్రకటించిన వ్యాసమున కారణము చూపెను. హల్బర్ట్ సిద్ధాంతమును నేటి భాషాశాస్త్రజ్ఞు లంగీకరింపరు. పోలికకు కారణము రక్తసంబంధము కాకపోయినను, ఇంటిలోనివారికి దానివలన కలుగు దగ్గరితనము మాత్రము సత్యమే.

2. పెద్దతండ్రి, చిన్నతండ్రి

కొరియా భాషలో తండ్రి అన్నను "ఖున్ అబొజి" యందురు. దీని యర్థము పెద్దతండ్రి. తండ్రి తమ్ముడు "చగున్ అబొజి", అనగా చిన్నతండ్రి. మన పెదనాన్న, చిన్నాన్నలకు ఇవి అచ్చుగుద్దినట్టి ప్రతులు. తోబుట్టువులలో పెద్దచిన్న భేదమును రెండు భాషలును పాటించును. ఇంగ్లీషున నీ భేదములేవియు లేవు. తండ్రి సోదరుడు, తల్లి సోదరుడు, మేనత్త భర్త, పినతల్లి భర్త, అందరును "అంకుల్" అనుదానిలో నొదిగిపోవుదురు.

అయితే భేదము చూపు పద్ధతిలో ఒక వింత గలదు. తెలుగున అక్కను తమ్ముడు పిలిచినను, చెల్లెలు పిలిచినను "అక్క" యే. కొరియాలో పిలుచువాడు మగవాడైన "నున", ఆడుదైన "ఒన్ని". అట్లే అన్నను తమ్ముడు "హ్యొంగ్" అనును, చెల్లెలు "ఒప్ప" యనును. చిన్నవారి విషయమున ఇది తారుమారగును. మనము తమ్ముడు, చెల్లెలు అని విడదీయగా, వారు సాధారణముగా "తొంగ్సెంగ్" అను నొక్క మాటతో సరిపెట్టుదురు. మన బాలిక తల్లి నేర్పిన కొరియా ననుసరించి అన్నవరుస వారిని "ఒప్ప" యని పిలువగా, రేపు ఆమె తమ్ముడు ఆ మాటనే అనుకరించినచో కొరియా అమ్మమ్మ పకపక నవ్వును.

3. బావ యెవరు?

పై పోలికలు విడిపోవు చోటు మేనరికము. తెలుగున తండ్రి అన్నదమ్ములు తండ్రులు, తల్లి అక్కచెల్లెండ్రు తల్లులు. తండ్రి సోదరి అత్త, తల్లి సోదరుడు మామ. వారి బిడ్డలు బావలు, మరదండ్రు. ఈ వరుసలోనే వివాహయోగ్యత యిమిడియున్నది. అత్తవారింటి అత్తమామలకు నవే పేరు లుండుట కిదియే హేతువు. లూయీ మోర్గాన్ 1871లో తెలుగు, తమిళ బంధువాచకముల నమెరికా ఆదిమజాతుల వానితో సరిపోల్చి, వీని శాస్త్రీయ ప్రాముఖ్యమును లోకమునకు చాటెను. ఫ్రెంచి పండితుడు లూయీ డ్యూమోన్ 1953లో, ద్రావిడ బంధువాచకములు వివాహసంబంధమునకే అభివ్యక్తులని నిరూపింప యత్నించెను.

కొరియా పద్ధతి యందులకు విరుద్ధము. అచ్చటి పౌరస్మృతి ఎనిమిదవ తరగతి లోపలి రక్తబంధువుల వివాహమును నిషేధించుచున్నది. మేనత్త కొడుకైనను, మేనమామ కొడుకైనను ఆ బాలికకు దాయాది యన్నయే. తల్లి యతనిని "ఒప్ప" యని పిలువుమనును. నాయనమ్మ యానామునుండి "బావను పలుకరించితివా?" యని యడుగును. బాలిక ఆ ప్రశ్నను ఇంగ్లీషున తల్లికి చెప్పబోయి "కజిన్" అనును. ఆ మాటలో బావయు లేడు, అన్నయు లేడు.

ఇచ్చట అనువాదకులు గమనింపవలసిన విశేష మొకటి గలదు. నేటి కొరియాలో యువతి తాను ప్రేమించినవానిని, భర్తను సైతము "ఒప్ప" యని పిలుచుట పరిపాటి. ఆ దేశపు నాటకములను తెలిగించువారు ఈ పదమునకు "అన్న" యని వ్రాసినచో తెలుగు శ్రోతకు రోత పుట్టును. "బావ" యని వ్రాసినచో తోబుట్టువు సన్నివేశములు చెడును. తెలుగున రెండు మాటలు పంచుకొనిన స్థానమును అచ్చట నొక్క మాటయే ఆక్రమించినది.

4. "మా" అను మాట

"నా అమ్మ" యనుట తెలుగువానికి తోచదు. "మా అమ్మ", "మా ఆవిడ", "మా ఊరు" అనుటయే నుడికారము. కొరియా వారును "ఉరి ఒమ్మ" యనియే యందురు. "ఉరి" యనగా మేము, మనము. ఇంగ్లీషున నిదియే "మై మదర్" అగును. అయితే "మా", "మన" అను భేదము కొరియాలో లేదు. తెలుగు నేర్చు ఆ తల్లి అత్తగారితో "మా అమ్మాయి" అనక "మన అమ్మాయి" అనిననాడు, ఆమె కేవలము వ్యాకరణము నేర్చినది కాదు, ఆ యింటిలో చేరినది.

మర్యాద విషయమున రెండు భాషలును సున్నితములు. కొరియాలో "పప్" అనగా అన్నము. పెద్దల విషయమున అది "చింజి" యగును. తిను అను క్రియయు మారును. మనము చిన్నవానిని "తింటివా?" యనియు, పెద్దలను "భోజనమైనదా?" యనియు నడుగునట్లే. రెండు దేశములందును ఈ ప్రశ్న కుశలప్రశ్నయే. ఇంగ్లీషు ననుసరించి బాలిక అమ్మమ్మ నేకవాక్యముగా "తింటివా?" యనినచో, ఆమె మన్నించును గాని మనస్సున చివుక్కుమనును.

5. భోజనము, వేడుక, పేరు

ఆ యింట ఆవకాయ జాడీయు, కిమ్చి పాత్రయు ప్రక్కప్రక్కన నుండును. ఒకటి వేసవిలో, వేరొకటి చలికాలమునకు ముందు, ఇరుగుపొరుగుల సాయమున పెట్టుకొనునవి. కొరియాలో ఈ సామూహిక కార్యమును "కిమ్జాంగ్" అందురు. 2013లో యునెస్కో దీనిని మానవజాతి వారసత్వముగా గుర్తించినది. రెండింటికిని రంగునిచ్చు మిరప, అమెరికా ఖండములనుండి నావలపై వచ్చినదే.

మన అన్నప్రాశనమున శిశువు ముందు పుస్తకము, కలము, బంగారము మొదలగునవి ఉంచి, దేనిని పట్టుకొనునో చూతుము. కొరియాలో తొలి పుట్టినరోజున "తొల్జబి" యను పేర నిదే వేడుక. దారము దీర్ఘాయువునకు, కుంచె విద్యకు, ధనము సంపదకు గుర్తులు. కావున మన గృహమున చిన్నవానికి ఆరవ నెలలో నొకసారి, ఏడాదికి మరియొకసారి భవిష్యత్తు తెలియును!

కొరియాలో, తెలుగునాట, ఇంటిపేరు ముందు వచ్చును. అయితే కొరియా స్త్రీ వివాహానంతరము పుట్టినింటి పేరును విడువదు. ఇంగ్లీషు దరఖాస్తులోని "చివరి పేరు" అను గడి ఈ రెండు సంప్రదాయములకును అమరదు. 1881 నాటి పుదుచ్చేరి కుటుంబములు వంశనామముల నేర్చుకొన్న చరిత్ర, నేడు వేరొక రూపమున పునరావృత్తమగుచున్నది.

6. నిలుచునది యేది?

దంపతుల ఉమ్మడిభాష ఇంగ్లీషు. పాఠశాల, స్నేహితులు దానినే బలపరుతురు. ఇట్టి గృహములందు నాయనమ్మ భాషయు, అమ్మమ్మ భాషయు క్రమముగా సన్నగిల్లుట సహజము. నిరాశ మాత్ర మవసరము లేదు. జర్మను భార్యగల ఫ్రెంచి భాషావేత్త జూల్ రోంజా, తల్లిదండ్రులలో నొక్కొక్కరు తమ భాషలోనే బిడ్డతో మాటలాడు పద్ధతిని తన కుమారునియందు పాటించి, ఆ ఫలితములను 1913లో గ్రంథముగా ప్రకటించెను. బిడ్డ రెండు భాషలను కలగాపులగము చేయక నేర్చెను. కాని మన గృహమున తండ్రికే తెలుగు కుంటుపడినది. అట్టిచోట ఆ భారము నాయనమ్మ వహింపవలెను. టెలిఫోనులోని దినమున కొక కథయైనను మేలే.

అదియు సాగనిచో బంధువాచకముల నైనను అనువదింపక నిలుపుకొనవలెను. "అంకుల్" అనిపించుకొనువానికి బాలికపై ప్రత్యేకమైన బాధ్యత తోచకపోవచ్చును. "మామయ్య" యనిపించుకొనిన వానికి మేనకోడలి పెండ్లినాటి పీట గుర్తునకు వచ్చును. పిలుపు బాధ్యతను నేర్పును. భాష మరచిన ఇంటిలో కడపట మిగులునది పిలుపే. మరల భాషను పిలుచుకొనివచ్చుటకును అదియే తొలిమెట్టు. పుదుచ్చేరి వంటి పట్టణములందు ఇట్టి గృహములలోని పలుకుబడిని విద్యార్థులు శ్రద్ధతో సేకరించినచో, తెలుగు బంధువాచకముల స్వరూపము మనకు మరింత స్పష్టపడగలదు.