సంచి ఎరువును బాగుచేయుట

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు దుకాణములలో కుండీల కొరకు సంచులలో అమ్మెడి ఎరువు నల్లగా, మెత్తగా కంటికి ఇంపుగా నుండును. అయినను పెక్కు సంచులలో అధికభాగము కొబ్బరిపొట్టే. అది నీటిని పట్టి యుంచును గాని మొక్కకు ఆహారము స్వల్పముగా నిచ్చును. సరిగా కడుగని పొట్టులో ఉప్పు మిగిలి లేతవేళ్లు మాడును.

కొన్నది పరీక్షించుటకు ఖర్చు లేదు. మూకుడులో ఆ ఎరువు పోసి 10 మెంతిగింజలు విత్తి వారము దినములు చూడవలెను. మొలకలు తగ్గినను, కొనలు మాడినను, ఎరువును రెండు మూడు మారులు నీట నానబెట్టి వార్చవలెను. పిదప 2 పాళ్లు ఎర్రమట్టి, 1 పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, 1 పాలు సంచి ఎరువు కలిపి, కుండీకి పిడికెడు వేపపిండి చేర్చవలెను. నల్లరేగడి మనకు చేరువనే దొరకును గాని కుండీలో తడిసి బంకగట్టును, ఎండి నెఱ్ఱెలిచ్చును. చౌడుమట్టిని ముట్టనే రాదు. వేరుసెనగ పొట్టును పచ్చిగా కలిపినచో అది చివుకుటకై మట్టిలోని నత్రజనిని తానే లాగికొనును, ఆకులు పసుపుబారును. గుంతలో చివికిన పిదపనే అది పనికివచ్చును.

2018 నాటి తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము పిదప గ్రామములలో నర్సరీలు, తడిచెత్త ఎరువు షెడ్లు వెలసినవి. ఆ ఎరువును జల్లెడపట్టి, గాజుపెంకులు, ప్లాస్టిక్కు ఏరి పెరళ్లకు ఇచ్చినచో ఇంటివారికి సంచి కొను ఖర్చు తగ్గును. అయితే వేడి చల్లారి మట్టివాసన వచ్చువరకు సభ్యులు దానిని పంచనీయరాదు. సగము చివికిన ఎరువుతో ఒక ఇంటి వంగనారు చచ్చినచో, మరునాడు షెడ్డుకు తట్టతో వచ్చువారుండరు.