రాట్నం చుట్టూ ఒక పాఠ్యప్రణాళిక

సమన్విత పాఠ్యప్రణాళిక అనే మాట మన శిక్షణ కళాశాలల పరీక్షాపత్రాలలో తరచు కనిపిస్తుంది. నిర్వచనం వ్రాసి మార్కులు సంపాదించుకోవడం సులభమే. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులలో దానిని ఆచరించడం అంత సులభం కాదు. ఐదవ తరగతి వరకు చాలాచోట్ల ఒకే ఉపాధ్యాయుడు అన్నీ చెబుతాడు కనుక లెక్కకూ కథకూ నడుమ గోడలు పెద్దగా ఉండవు. ఆరవ తరగతిలో అడుగు పెట్టగానే గంటగంటకూ ఒక ఉపాధ్యాయుడు మారతాడు. ఎవరి పుస్తకం వారిది, ఎవరి సిలబస్ వారిది. వీటన్నిటినీ ఒకటిగా కూర్చుకొనే భారం మాత్రం పన్నెండేళ్ల పిల్లవానిపై పడుతుంది.

ఈ భారాన్ని తప్పించడానికి మన దేశంలో జరిగిన గొప్ప ప్రయత్నం 1937 నాటిది. ఆ యేడు అక్టోబరులో వార్ధాలో గాంధీజీ అధ్యక్షతన సమావేశమైన విద్యాసభ, హైదరాబాదులో జన్మించిన డాక్టర్ జాకీర్ హుస్సేన్ అధ్యక్షులుగా ఒక సంఘాన్ని నియమించింది. ఏడేళ్ల నుండి పద్నాలుగేళ్ల వరకు గల పిల్లలకు ఆ సంఘం రచించిన ప్రణాళికలో చేతిపని, ప్రకృతి పరిసరాలు, సాంఘిక పరిసరాలు అనే మూడూ బోధనకు కేంద్రాలు. ఐదున్నర గంటల దినచర్యలో 3 గంటల 20 నిమిషాలు చేతిపనికే కేటాయించారు. మాతృభాషకు దక్కినవి 40 నిమిషాలు. ఈ అంకెలు చూచి బెదిరినవారు అనేకులు. కాని ఆ మూడు గంటలు రాట్నం త్రిప్పడానికి మాత్రమే కాదు, ఆ పనిలోనుండి లెక్కనూ శాస్త్రాన్నీ రాబట్టడానికి. ఉత్పత్తి మోజులో పడి విద్యను బలి చేయరాదని ఆ నివేదికే హెచ్చరించింది. ఆ హెచ్చరికను చదివినవారు తక్కువ. చివరకు పెక్కు బడులలో చేతిపని కూడా మరొక పీరియడ్‌గా మిగిలిపోయింది. 1964-66 నాటి కొఠారి కమిషన్ దానిని కార్యానుభవం అన్నది. 2020 జాతీయ విద్యావిధానం ఈ మూడు తరగతులను ఒక దశగా గుర్తించి, విషయాల మధ్య సంబంధాలను చూపమంటున్నది. పేర్లు మారినా ప్రశ్న మారలేదు: దేనిని కేంద్రంగా పెట్టుకోవాలి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఉపాధ్యాయునకు జవాబు దూరాన లేదు. పొందూరు ఉంది. అక్కడి స్త్రీలు కొండపత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, దూది ఏకి, ఏకులు చేసి, ఒంటికదురు రాట్నంపై నూరో నంబరు నూలు వడుకుతారు. ఈ ఒక్క వాక్యంలో ఎన్ని పాఠాలున్నవో గమనించండి. వాలుగ దవడలో సన్నని పళ్లు దట్టంగా ఎందుకుంటవి? అది జీవశాస్త్రం. పొడిగాలికి పోగు తెగడమేమి? అది భౌతికశాస్త్రం. పత్తి కొండవాలులో పండడమేమి, నాగావళి, వంశధారలు ఒడిశా కొండలలో పుట్టడమేమి? అది భూగోళం. ఉత్తర సర్కారులలో చికాకోల్ సర్కారు ఒకటి కావడం, అక్కడి సన్నని వస్త్రం దేశాంతరాలకు పోవడం చరిత్ర.

గణితం మరింత ముచ్చటైనది. నూరో నంబరు అంటే 840 గజాల చిలపలు నూరు కలిస్తే ఒక పౌను తూగే నూలు. అనగా 84,000 గజాలు. గజానికి 0.9144 మీటరు చొప్పున గుణిస్తే దాదాపు 77 కిలోమీటర్లు. అరకిలోకు తక్కువైన దూదితో శ్రీకాకుళం నుండి విజయనగరం చేరి, ఇంకా కొంత దారం మిగులుతుంది. దశాంశాలంటే భయపడే పిల్లలు కూడా ఈ లెక్కను రెండుసార్లు చేసి చూసుకుంటారు.

మన కళాశాల వంటి చోట భాషాపాఠం ప్రత్యేకమైనది. తెలుగులో పడుగు, పేక. ఉర్దూలో తానా, బానా. రెండు లిపులలోనూ పిల్లలు ఒక చిన్న పదకోశం తయారు చేయవచ్చు. దూది ఏకే వృత్తితో దూదేకుల అనే పేరు పొందిన ముస్లిములు ఇంట తెలుగు మాట్లాడతారు. వారికున్న నూర్‌బాషా అనే మరొక పేరులోని ‘బాషా’ను, నేయడమనే అర్థంగల పారశీక పదం ‘బాఫ్’తో పోల్చి చూడవచ్చు. సాంఘికశాస్త్రానికి ఇంతకన్న దగ్గరి ఉదాహరణ ఎక్కడ వెదకాలి?

ఇక నా పొరపాటు చెప్పాలి. ఒకప్పుడు ఒక ప్రాథమికోన్నత పాఠశాలలో ఏడవ తరగతికి ఇటువంటి ప్రణాళికే వేశాను. ఉత్సాహంలో సంధులనూ బీజగణితాన్నీ కూడా పత్తికే ముడివేశాను. రెండవ వారంలో ఒక కుర్రవాడు లేచి, “మేస్టారూ, రేపు కూడా పత్తేనేటండీ?” అన్నాడు. తరగతి అంతా నవ్వింది. అంతకన్న పెద్ద తప్పు మరొకటి. వడికే ఇంటినుండి వచ్చిన ఒక బాలికను నిలబెట్టి, వాళ్లమ్మ పని వివరించమన్నాను. ఆమె తల వంచుకొని నిలబడిపోయింది. ఆ పనిలోనుండి బయటపడాలనే తల్లి ఆమెను బడికి పంపింది. నేను బడిలోనే ఆమెను మళ్లీ రాట్నం ముందు కూర్చోబెట్టాను.

తరువాతి యేడు పద్ధతి మార్చాను. మూడు వారాలే తీసుకొన్నాము. ముందుగా నలుగురు ఉపాధ్యాయులం ఒక శనివారం సాయంకాలం కూర్చుని, ఎవరి సిలబస్‌లో ఏ పాఠం సహజంగా కలుస్తుందో గుర్తించాము. కలవనివి యథాప్రకారం వేరుగానే చెప్పాము. బీజగణితం దాని పీరియడ్‌లోనే ఉండిపోయింది. పిల్లలందరినీ వడికేవారి వద్దకు తీసుకొనిపోయాము. అక్కడ గురువు ఒక వృద్ధురాలు. పోగు తెగకుండా లాగడం మాలో ఎవరికీ చేతకాలేదు, నాతో సహా. చిలపకు కూలి ఎంత, చిలపకు పట్టే కాలమెంత అని పిల్లలే అడిగి వ్రాసుకొన్నారు. మరునాడు గంటకు ఎంత పడుతుందో లెక్క వేశారు. ఆ అంకె బల్లపై కనబడగానే తరగతి నిశ్శబ్దమైంది. ఇంత సన్నని నూలుకు ఇంతేనా అన్న ప్రశ్నకు మా ప్రణాళికలో చోటు లేదు. ఆ రోజు మిగిలిన పీరియడ్లన్నీ దానికే ఇచ్చాము.

ఆ చర్చలో మొదట మాట్లాడినది క్రిందటేడు ఎనిమిదికి వెళ్లిన ఆ బాలిక చెల్లెలు.