శాశ్వత అయస్కాంతాలు – విరళ మృత్తికల బలం

అయస్కాంతం అనగానే మనకు గుర్తొచ్చేది ల్యాబ్‌లోని కడ్డీ అయస్కాంతం. నాలుగుసార్లు కిందపడితే దాని బలం తగ్గిపోతుంది. మరి సెల్‌ఫోన్‌లో గింజంత అయస్కాంతం ఏళ్ల తరబడి ఎలా పనిచేస్తుంది? తెలుసుకుందాం.

రెండు గుణాలు: మంచి శాశ్వత అయస్కాంతానికి బలం ఉండాలి, మొండితనమూ ఉండాలి. ఎదురు అయస్కాంత క్షేత్రానికి లొంగని ఈ మొండితనాన్నే కోయెర్సివిటీ అంటారు. మెత్తని ఇనుముకు బలముంది, మొండితనం లేదు. ఆ లోటును లాంథనైడ్‌లు తీరుస్తాయి. వాటి 4ఎఫ్ ఎలక్ట్రాన్ల మేఘం గుండ్రంగా ఉండదు. అందుకే అది స్ఫటికంలో ఒకే దిశకు కట్టుబడి, పక్కనున్న ఇనుము పరమాణువులనూ ఆ దిశలోనే పట్టి ఉంచుతుంది.

రెండు మిశ్రమాలు: సమారియం-కోబాల్ట్ అయస్కాంతాలు 1960లలో వచ్చాయి. 1983-84లో జపాన్, అమెరికా శాస్త్రవేత్తలు వేర్వేరుగా నియోడిమియం-ఇనుము-బోరాన్ అయస్కాంతాన్ని కనుగొన్నారు. బరువులో సుమారు 72 శాతం ఇనుము, 27 శాతం నియోడిమియం, 1 శాతం బోరాన్. బలంలో ఇదే మేటి. కాని దీని క్యూరీ ఉష్ణోగ్రత సుమారు 312 డిగ్రీల సెల్సియస్ మాత్రమే. సమారియం-కోబాల్ట్‌కు 700 డిగ్రీల పైమాటే. అందుకే క్షిపణులకు సమారియం రకం వాడతారు. వేడెక్కే మోటార్లలోని నియోడిమియం రకానికి కొద్దిగా డిస్ప్రోసియం కలుపుతారు.

తయారీ: మిశ్రమాన్ని కరిగించి, కొన్ని మైక్రాన్ల పొడిగా నూరి, అయస్కాంత క్షేత్రంలో ఉంచి అచ్చు ఒత్తుతారు. అప్పుడు రేణువులన్నీ ఒకే దిశకు తిరుగుతాయి. తర్వాత గాలి తగలకుండా వెయ్యి డిగ్రీలకు పైగా కాలుస్తారు. తుప్పు పట్టకుండా నికెల్ పూత వేస్తారు.

మన దగ్గర: భీమునిపట్నం తీరపు ఇసుకలోని మోనజైట్‌లో ఈ మూలకాలున్నాయి. హైదరాబాద్‌లోని డీఎంఆర్ఎల్ ఈ అయస్కాంతాల పరిజ్ఞానాన్ని అభివృద్ధి చేసింది. విశాఖపట్నంలో ఏడాదికి 3,000 కిలోల సమారియం-కోబాల్ట్ అయస్కాంతాలు తయారుచేయగల ప్లాంటును 2023 మేలో జాతికి అంకితం చేశారు. అయినా ప్రపంచ ఉత్పత్తిలో సుమారు 90 శాతం చైనాదే. 2025 ఏప్రిల్‌లో ఆ దేశం ఎగుమతులపై ఆంక్షలు పెట్టగానే మన వాహన పరిశ్రమ ఇబ్బంది పడింది. అదే ఏడాది నవంబరులో కేంద్రం 7,280 కోట్ల రూపాయల పథకాన్ని ఆమోదించింది. ఏడాదికి 6,000 టన్నుల తయారీ దాని లక్ష్యం.

ఇసుక మనకుంది, పరిజ్ఞానం ఉంది. కావలసింది చేసే చేతులు. మన వరంగల్ ఎన్ఐటీలోనే మెటలర్జీ విభాగం ఉంది. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! లాంథనైడ్‌ల పాఠాన్ని మార్కుల కోసమే చదివి వదిలేయకండి. అందులో మన దేశం అవసరం ఉంది, మన ఉపాధి కూడా ఉంది.