పరదేశ నివాసమునకు ఆదాయ రుజువు



బొమ్మనహళ్ళి మొదలుకొని ఎలక్ట్రానిక్ సిటీ వరకు హోసూరు రోడ్డు పొడవున మన తెలుగు కుటుంబములు అనేకము స్థిరపడియున్నవి. కొందరు గార్మెంట్స్ ఫ్యాక్టరీలలోను, కొందరు కంప్యూటరు కంపెనీలలోను పని చేయుచున్నారు. ఇంటి నుండి పని చేయు యౌవనస్థులును, పెన్షను పొందు పెద్దలును మమ్ములను అడుగుచున్న ప్రశ్న ఒకటే. అక్కడ ఉద్యోగము లేకుండ, ఇక్కడి ఆదాయముతోనే దుబాయిలోనో యూరపులోనో ఎక్కువకాలము ఉండవచ్చునా? ఉండవచ్చును. అయితే ఆ వీసా ఏమి ఇచ్చునో, ఏమి ఇయ్యదో తెలిసికొనకుండ డబ్బు కట్టరాదు. అందుకే ఈ పాఠము.

1. విదేశీ ఆదాయమనగా ఏమి?

డాలర్లలో వచ్చునదే విదేశీ ఆదాయమని పలువురు తలంచుచున్నారు. అది సరికాదు. మనము వెళ్ళు దేశమునకు వెలుపలి నుండి వచ్చునది ఏదైనను ఆ దేశమునకు విదేశీ ఆదాయమే. ఎలక్ట్రానిక్ సిటీ కంపెనీ ఇచ్చు రూపాయల జీతము దుబాయికి విదేశీ ఆదాయము. కడపలోని ఇంటి అద్దె పోర్చుగల్‌కు విదేశీ ఆదాయము. ఆ దేశము మనలను అడుగు ప్రశ్న ఇంతే: "మా దేశములో ఉద్యోగము వెదకకుండ నీవు ఎట్లు బ్రదుకుదువు?"

2. మూడు ఉదాహరణలు

మొదటిది, యు.ఏ.ఈ. వారి రిమోట్ వర్క్ వీసా. ఇది ఒక సంవత్సరమునకు ఇయ్యబడును, తిరిగి పొడిగించుకొనవచ్చును. నెలకు 3,500 డాలర్ల ఆదాయము చూపవలెను. అనగా దాదాపు 3 లక్షల రూపాయలు. ఆ దేశము వెలుపలనున్న యజమాని ఇచ్చిన పత్రము, అక్కడ చెల్లు ఆరోగ్య బీమా కూడ కావలెను. ఇక్కడి ఈ.ఎస్.ఐ. కార్డు అక్కడ చెల్లదు.

రెండవది, అదే దేశపు ఐదేండ్ల రిటైర్మెంటు వీసా. వయస్సు 55 నిండవలెను. 10 లక్షల దిర్హాముల పొదుపు గాని, అంత విలువగల ఆస్తి గాని, నెలకు 20,000 దిర్హాముల ఆదాయము గాని చూపవలెను. దుబాయిలో ఆ ఆదాయము 15,000.

మూడవది, పోర్చుగల్ వారి డి-7 వీసా. ఇది పెన్షను, అద్దె, వడ్డీ వంటి ఆదాయము గలవారికి. ఆ దేశపు కనీస వేతనమే దీనికి కొలత. 2025లో అది నెలకు 870 యూరోలు. భార్యకు లేక భర్తకు అందులో సగము, ప్రతి బిడ్డకు 30 శాతము కలుపవలెను. ఈ కొలత ఏటేట మారును.

3. ఒక లెక్క

పెన్షను 45,000, అద్దె 30,000 రూపాయలు గల దంపతులను అనుకొందము. మొత్తము 75,000. డి-7 వీసాకు 2025 లెక్క ప్రకారము ఇద్దరికి 870, 435 కలిపి 1,305 యూరోలు కావలెను. యూరో 100 రూపాయలని లెక్కించినను 1,30,500 అగును. వారికి ఆదాయము చాలదు. ఈ లెక్క ఇంట్లోనే వేసికొనినచో ఏజెంటుకు రుసుము మిగులును.

ఇచ్చటనే శోధన కలుగును. "మూడు నెలలు మీ ఖాతాలో డబ్బు వేసి చూపింతుము" అని చెప్పువారు వత్తురు. అధికారి చూచునది నిలువ ఒక్కటే కాదు. నెలనెల ఆ డబ్బు ఎక్కడనుండి వచ్చెనో చూచును. అబద్ధపు పత్రము పట్టుబడినచో ఆ దరఖాస్తుతో పోదు. తరువాతి దరఖాస్తులకును అది అడ్డమగును.

4. ఈ వీసా ఇయ్యనిది

రిమోట్ వర్క్ వీసాతో యు.ఏ.ఈ. కంపెనీలో ఉద్యోగము చేయరాదు. "ముందు ఈ వీసాతో వెళ్ళుము, తరువాత పని చూపింతుము" అను మాట నమ్మవద్దు. కూలిపనికి, డ్రైవరు పనికి, ఇంటిపనికి వెళ్ళువారి మార్గము వేరు. వారు ఏజెంటు ద్వారా వెళ్ళునట్లయితే, ఆ ఏజెంటు 1983 వలసల చట్టము క్రింద నమోదైనవాడై యుండవలెను. పదవ తరగతి ప్యాసుకానివారు గల్ఫు ఉద్యోగమునకు వెళ్ళుటకు ముందు ప్రభుత్వ వలస అనుమతి కూడ పొందవలెను.

5. సిద్ధపరచుకొనవలసినవి

యజమాని యొద్ద వ్రాతపూర్వకమైన అనుమతి తీసికొనుడి. పన్నుల చిక్కు వలనను, సమాచార భద్రత వలనను పరదేశమునుండి పని చేయుటకు ఒప్పుకొనని కంపెనీలు కలవు. ఒక ఆర్థిక సంవత్సరములో 182 దినములు ఇండియాలో ఉన్నవారు పన్ను లెక్కలో ఇక్కడి నివాసులే. కాబట్టి ప్రయాణమునకు ముందే చార్టర్డ్ అకౌంటెంటును అడుగుడి.

పేర్లు సరిచూచుకొనుడి. మనలో అనేకులకు పదవ తరగతి సర్టిఫికెట్టులో ఒక పేరు, బాప్తిస్మమప్పుడు పెట్టిన పేరు మరియొకటి. ఇంటిపేరు ఒకచోట పూర్తిగాను, మరియొకచోట ఒక్క అక్షరముగాను ఉండును. పాస్‌పోర్టు, పెండ్లి పత్రము, బ్యాంకు ఖాతా ఈ మూడింటిలో ఒకే పేరు ఉండునట్లు ముందుగా దిద్దించుకొనుడి. పోలీసు క్లియరెన్సు సర్టిఫికెట్టుకు పాస్‌పోర్టు సేవా కేంద్రములో దరఖాస్తు చేయవచ్చును. పోర్చుగల్‌కు వెళ్ళు పత్రములపై మన విదేశాంగ శాఖవారి అపోస్టిల్ ముద్ర కావలెను.

ఇంటివారందరు కలిసి చర్చించుటకు ప్రశ్నలు

1. మన ఆదాయములో పని మానినను వచ్చునది ఎంత? పని చేసిననే వచ్చునది ఎంత?
2. జీతము ఆగిపోయినచో తిరిగివచ్చుటకు టిక్కెట్టు డబ్బు, ఆరు నెలల ఖర్చు ఇక్కడ ఉంచితిమా?
3. వృద్ధులైన తల్లిదండ్రులను ఎవరు చూచుకొందురు?

ఈ మూడింటికి జవాబు దొరికిన పిమ్మట, ఆ దేశపు ప్రభుత్వమువారు ప్రకటించిన తాజా నిబంధనలను మీరే చదివి, అటు తరువాత రుసుము చెల్లించుడి. చదువుట కష్టమైనవారు కాగితములు తీసికొని ఆరాధన తరువాత మా యొద్దకు రండి, కలిసి చదువుదము.