మేలుకోరు స్నేహితుని మాట

పఠనభాగములు: సామెతలు 27:5-10, గలతీయులకు 2:11-14



రేవులో పడవకు చిల్లిపడుట చూచినవాడు, పడవవాడు నొచ్చుకొనునేమో అని ఊరకుండునా? ఊరకున్నయెడల అందులోనివారందరు మునుగుదురు. అయినను స్నేహితుని నడతలో చిల్లి కనబడినప్పుడు మనము ఊరకుందుము. అతని యింట కొబ్బరినీళ్లు త్రాగి, నవ్వుచు మాటలాడి, తిరిగి వచ్చునప్పుడు కాలువగట్టున మరియొకనితో అతని తప్పు చెప్పుకొందుము. దీనిని మర్యాద అనుకొందుము. సామెతల గ్రంథమైతే స్నేహితుడు చేయు గాయమును నమ్మదగినదిగా ఎంచుచున్నది.

అంతియొకయలో పేతురు అన్యజనులతో భుజించుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగానే భయపడి ఆ పంక్తి విడిచెను. పౌలు ఆ సంగతి చాటున చెప్పలేదు, ముఖాముఖిగా చెప్పెను. ఆ తప్పు అందరియెదుట జరిగి ఇతరులనుకూడ లాగుకొనిపోయెను గనుక అందరియెదుటనే చెప్పవలసివచ్చెను. అయినను పేతురు రెండవ పత్రిక 3:15లో పౌలు ప్రియ సహోదరుడుగానే పేర్కొనబడెను. సత్యము ఆ స్నేహమును చంపలేదు.

సఖినేటిపల్లి రేవునుండి గోదావరి దాటిన నరసాపురము. ఆంథొని నారిస్ గ్రోవ్స్ గారు 1836లో బౌడెను, బీరు దంపతులను ఇంగ్లండునుండి వెంటబెట్టుకొని మన దేశమునకు వచ్చిరి. ఆ దంపతులే నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో సువార్తపని చేసినవారు. ఓడ బయలుదేరకముందు, మార్చి 10న, గ్రోవ్స్ గారు తన స్నేహితుడైన జాన్ నెల్సన్ డార్బీ గారికి ఉత్తరము వ్రాసిరి. తన ప్రేమను తెలుపుచునే, క్రీస్తునందలి జీవమునుగాక అభిప్రాయముల ఏకత్వమును సహవాసమునకు ఆధారము చేసికొనుచున్నారని నిష్కపటముగా హెచ్చరించిరి. ఆ హెచ్చరిక ఫలింపలేదు. 1848లో ఆ సహోదరులలో చీలిక వచ్చెను. ఉత్తరము వ్యర్థమా? కాదు. చెప్పుట స్నేహితుని వంతు. వినుట వినువాని వంతు.

మేము ఆ వంతు తప్పినవారము. మా యెరుకలోని సహోదరుడొకడు అప్పులపాలై త్రాగుడుకు మరిగెను. అందరము ఎరుగుదుము, ఒక్కరమును అతనితో చెప్పలేదు. కొబ్బరితోట చేయిదాటిన తరువాత అతడు, "ఒక్కరైనను నాతో ఎందుకు అనలేదు?" అని అడిగెను. మాయొద్ద జవాబు లేకపోయెను. మేము కాపాడుకొన్నది అతని మనస్సును కాదు, మా నెమ్మదిని.

కావున ఈ నెలలో వీటిని అభ్యాసము చేయుదము:

1. మాటలాడకముందు ప్రార్థించి మన తప్పును ఒప్పుకొందము.
2. మత్తయి 18:15 ప్రకారము మొదట ఒంటరిగా వెళ్లుదము.
3. విన్నది కాదు, కన్నది చెప్పుదము.
4. చెప్పి విడిచిపోక, అతని భారమును మోయుదము.
5. మనకు చెప్పువాడు వచ్చినప్పుడు పీట వేసి కూర్చుండబెట్టుదము.

ఎవరి గడపకు పోవలసియున్నదో మనలో ప్రతివానికి తెలియును. తోట చేయిదాటకముందే పోవుదము గాక.