వాటా వేరు, వడ్డీ వేరు



నాలుగు రూపాయలు మిగిలితే మన ఇళ్ళల్లో చీటీ కడతాం, లేదా బంగారం కొంటాం. ఇప్పుడు ఫోన్లోనే షేర్లు కొనే రోజులొచ్చాయి. ‘ఇది హలాలా, హరామా?’ అని అడిగే ముందు అసలు కొంటున్నదేమిటో తెలుసుకోవాలి.

షేరు: కలువాయి ప్రాంతంలో పదిమంది తలా 10,000 రూపాయలు వేసి, లక్షతో నిమ్మకాయల వ్యాపారం పెట్టారనుకుందాం. ఏడాదికి 20,000 మిగిలితే తలా 2,000 వస్తుంది. ధర పడిపోయి అంతే నష్టపోతే తలా 2,000 పోతుంది. షేరు అంటే ఇలాంటి వాటాయే. కంపెనీ తన లాభంలోంచి వాటాదారులకు పంచేది డివిడెండ్. అది ప్రకటిస్తేనే వస్తుంది, ముందే ఖాయం కాదు.

బాండు, డిబెంచరు: పదకొండో మనిషి వచ్చి, “నేనూ 10,000 ఇస్తాను. మీకు లాభమొచ్చినా నష్టమొచ్చినా నాకు ఏటా 1,200 ఇచ్చి, చివర్లో అసలు తిరిగివ్వండి” అన్నాడనుకోండి. అతను వాటాదారు కాడు, అప్పిచ్చినవాడు. ఆ 1,200 వడ్డీ. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ కూడా ఈ కోవలోదే. అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడని దివ్య ఖుర్ఆన్ (2:275) స్పష్టం చేస్తోంది. దైవప్రవక్త (స) దౌత్యానికి పూర్వం హజ్రత్ ఖదీజా (రజి) సరుకుతో సిరియాకు వెళ్ళి వర్తకం చేశారు. ఒకరి సొమ్ము, మరొకరి శ్రమ, లాభంలో ఇద్దరికీ వాటా అనే ఈ పద్ధతిని ముజారబత్ అంటారు.

మ్యూచువల్ ఫండ్: చాలామంది సొమ్మును కలిపి, నిపుణులు అనేక కంపెనీల షేర్లలోనో బాండ్లలోనో పెడతారు. బాండ్లలో పెట్టే ఫండు వడ్డీ కిందికే వస్తుంది. షేర్ల ఫండైనా, అది ఏయే కంపెనీలు కొంటోందో చూడాలి.

సెన్సెక్స్, నిఫ్టీ: మొదటిది 30, రెండోది 50 పెద్ద కంపెనీల ధరల సూచీ. సూచీ పెరిగినంత మాత్రాన మన షేరు పెరిగినట్లు కాదు.

ఏ షేరు కొనవచ్చు? సారాయి, పందిమాంసం, జూదం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలు కూడదు. మిగతా వాటికి అంతర్జాతీయ ఇస్లామీ ఆర్థిక ప్రమాణాల సంస్థ ‘ఆయోఫీ’ హద్దులు పెట్టింది: వడ్డీ అప్పు కంపెనీ మార్కెట్ విలువలో 30 శాతం మించరాదు, నిషిద్ధ ఆదాయం మొత్తం ఆదాయంలో 5 శాతం మించరాదు. ఉదాహరణకు నిషిద్ధ ఆదాయం 3 శాతమైతే, 1,000 రూపాయల డివిడెండ్‌లో 30 రూపాయలు పుణ్యాపేక్ష లేకుండా పేదలకిచ్చేయాలి. దీన్నే శుద్ధి చేయడమంటారు. ఇది జకాత్‌కు బదులు కాదు. అమ్మకం కోసం కొన్న షేర్ల విలువ 40,000 ఉంటే, నిసాబ్ గలవారు ఏడాది నిండాక 1,000 రూపాయలు జకాత్ చెల్లించాలి.

ఫ్యూచర్స్, ఆప్షన్స్: ఇక్కడ చాలావరకు వాటా చేతికి రాదు, ధర పెరుగుతుందా తగ్గుతుందా అన్న పందెమే ఎక్కువ. 1992లో జిద్దాలోని అంతర్జాతీయ ఫిఖ్హ్ అకాడమీ ఆప్షన్లు ధర్మసమ్మతం కావని తీర్మానించింది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024లో వెల్లడించిన అధ్యయనం ప్రకారం, అంతకుముందు మూడేళ్ళలో ఇందులోకి దిగిన వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్లకు పైనే.

‘హలాల్’ అనే మాటొక్కటే చాలదు. వడ్డీలేని లాభాల పేరుతో ప్రజల సొమ్ము సేకరించిన హీరా గ్రూప్ అధినేత్రిని 2018 అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. 2019లో బెంగళూరులో ఐ.ఎం.ఏ. వ్యవహారం బయటపడింది. రెండు చోట్లా సొమ్ము చిక్కుకున్నవారిలో మన సోదరులు, సోదరీమణులు ఎందరో. ఆడపిల్ల పెళ్ళికి దాచిన సొమ్ముకైనా, తల్లి మెడలోని బంగారానికైనా ఇదే పరీక్ష: వ్యాపారం ఏమిటి? నష్టమొస్తే ఎవరిది? లెక్క ఎవరు చూస్తారు? నెలనెలా ఇంత ఖాయమనేవాడు, నష్టం మాటెత్తనివాడు మనల్ని వాటాదారును చేయడం లేదు.

అప్పు ఒప్పందాన్నే రాసుకోమని, సాక్షుల్ని పెట్టుకోమని ఖుర్ఆన్ (2:282) ఆదేశిస్తుంటే, పొదుపు మొత్తాన్ని నోటిమాట మీద ఎలా అప్పగిస్తాం? సందేహముంటే ఉలమాలను, లెక్కలు తెలిసినవారిని ఇద్దరినీ అడుగుదాం.

అల్లాహ్ మనందరికీ హలాల్ సంపాదనను, దాన్ని కాపాడుకునే వివేకాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.